గోకుడుపుల్ల

పోయిన వారం మనం కోడల్ని దుకాణం గుమ్మంలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టించి వదిలేసి వచ్చాం. పాపం, వారం పాటు మనిషిని అలా నిలబెట్టడం అన్యాయమే. కానీ ఆమెకు మాత్రం ఇంకా ఒక్క నిమిషం కూడా గడవలేదు.

మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. కోడలి తమ్ముడు ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో గార్డు. ఏజెన్సీవాళ్ళు అతన్ని ఒక పెద్ద ఇనుప సామాన్ల గోడౌన్లో, క్యాష్ కౌంటర్ దగ్గర కాపలా పెట్టారు. అక్కడ ఉన్నది ఒకటే ఫ్యాను. దాని మూతి ఎవరివైపు తిప్పాలన్న దాని మీద క్యాషియర్‌కీ అతనికీ రోజూ తగువే. ఆ రోజు పొద్దున తగువు ముదిరి, "నీ సంగతి చూస్తా" అని తమ్ముడు నలుగురిలో నోరు జారాడు. కాసేపటికి నడుము నుంచి రివాల్వర్ జారింది. సిమెంటు నేల మీద పడి పేలింది. తూటా క్యాషియర్ పొట్టలో దిగింది.

కింద పడి పేలిందని తమ్ముడంటాడు. ఈ రకం రివాల్వర్ కింద పడితే పేలదు, ట్రిగ్గర్ నొక్కితేనే పేలుతుంది అని దాన్ని పరీక్షించిన అధికారి అంటాడు. క్యాషియర్ ఆస్పత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. ఫ్యాను తగువును మాత్రం గోడౌన్లో ఉన్నవాళ్ళంతా పోలీసులకు పూసగుచ్చినట్టు చెప్పారు. రేపు కోర్టు.

"ఒట్టక్కా, నా వేలు దాని దగ్గరికే పోలేదు," అన్నాడు తమ్ముడు ఊచల అవతలి నుంచి. ఆ మాట చెవిలో జోరీగలా రొద పెడుతుంటే ఆమె స్టేషన్ నుంచి నేరుగా మామగారి తుపాకుల రిపేరు దుకాణానికి వచ్చింది. ఎందుకంటే ఆ రివాల్వర్ ఈమధ్యే సర్వీసింగ్‌కి వచ్చింది. వచ్చింది ఈ దుకాణానికే.

గుమ్మంలో ఆగిపోవడానికి కారణం భర్త. పొద్దున బయలుదేరేటప్పుడే చెప్పాడు: "నాన్నని మాత్రం కదపకు. అసలే ఆయన మనసు బాగాలేదు." చెప్పి తను ఏజెన్సీ ఆఫీసుకు పోయాడు, బావమరిది బుద్ధిమంతుడని మేనేజరు చేత నాలుగు మాటలు చెప్పించుకుందామని. అంటే అందరి మనసులూ బాగుండాలి, తన తమ్ముడు మాత్రం ఊచల వెనక ఉండాలి. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. బయట ఉన్న కాలు కూడా లోపల పెట్టింది.

లోపల ఎప్పటిలాగే నూనె వాసన, ఇనుప రజను, కిటికీలోంచి పడే చదరం వెలుతురు. ఆ వెలుతురులోనే మామగారి బల్ల. ఆయన ఒక వేట తుపాకీ బోల్టు ముందు పెట్టుకుని, గాడిలో గట్టిపడిన గ్రీజును గోకుడుపుల్లతో తవ్వుతున్నారు.

"వాడెలా ఉన్నాడమ్మాయ్?" తలెత్తకుండానే అడిగారు.

"ఎలా ఉంటాడు మామయ్యా? తిండి ముట్టుకోలేదట."

"రేపు వదిలేస్తార్లే. మంచి కుర్రాడు."

"మంచివాళ్ళని వదిలెయ్యాలని ఏ చట్టంలో రాశారు?"

గోకుడుపుల్ల బర్రుబర్రుమంటూనే ఉంది. ఆమె కూర్చోలేకపోయింది. గుడ్డ తీసుకుని బీరువా అద్దం తుడిచింది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన కొత్తలో, "ఖాళీగా కూర్చోవడం రాదంటున్నావుగా, రా, ఈ గొట్టానికి మెరుగు పెట్టు" అని ఇదే బల్ల పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టింది ఈయనే. ఆడపిల్లకు తుపాకుల పనేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకుంటే, ఒంటికాలి మీద లేచిందీ ఈయనే. ఇవాళ ఆయన్నే నిలదీసి అడగాలి.

ఈ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. ఒక తుపాకీకి ఒక స్టీలు కంచం. విప్పిన ప్రతి ముక్కనూ, విప్పిన వరసలోనే, కంచం అంచు వెంబడి పేర్చుకుంటూ పోవాలి. బిగించేటప్పుడు చివరి ముక్కతో మొదలుపెట్టి వెనక్కి రావాలి. కంచం ఖాళీ అయితే పని అయినట్టు. మామగారికి ఈ పద్ధతి మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. తుపాకులు విప్పడం, బిగించడం ఆయన పని. మెరుగు పెట్టడం, నూనె రాయడం కోడలి పని. కొనేవాళ్ళతో, రిపేర్లకు వచ్చేవాళ్ళతో మాట్లాడటం కొడుకు పని.

"మామయ్యా, తమ్ముడి రివాల్వర్ విప్పింది మీరేగా?"

"నేను కాక ఎవరు విప్పుతారు? నీ మొగుడా? వాడికి స్క్రూడ్రైవర్ ఏ చివర పట్టుకోవాలో తెలిస్తే నా నెత్తిన పాలు పోసినట్టే."

"బిగించాక అంతా బాగానే ఉందా?"

"కంచం ఖాళీ అయింది. అంతకంటే ఏం కావాలి?" గోకుడుపుల్ల ఆగింది. "నాతో పాటు మీ తమ్ముడూ నొక్కి చూశాడు, ఖాళీ తుపాకీయే. 'బాబాయిగారూ, ఇంతకు ముందు కాస్త గరగరలాడేది, ఇప్పుడు వెన్నలా నడుస్తోంది' అన్నాడు. వాడొస్తే అడుగు."

"వాడొస్తే కదా!" అంది ఆమె.

ఆయన మళ్ళీ బోల్టు మీదికి వంగారు. మరీ అంత కిందికి వంగాలా అనిపించింది ఆమెకు. ముక్కు ఇనుముకు తగిలేటట్టు ఉంది.

ఇంతకు ముందుకన్నా సుతారంగా నడిచిందట. శుభ్రం చేస్తే నడుస్తుంది, నిజమే. కానీ ఆ మాట ఆమె మనసులో ఎక్కడో పట్టుకుని ఊడి రావడం లేదు. బీరువా తెరిచింది. అదే రకం రివాల్వర్ ఇంకొకటి, ఎవరో రిటైరైన ఆఫీసరుది, మెరుగు కోసం వచ్చి ఉంది. బయటికి తీసింది. ముందు గదులు తెరిచి తూటాలు లేవని చూసింది, వేలు పెట్టి మళ్ళీ చూసింది. అది మామగారు నేర్పిన మొదటి పాఠం. తన స్టూలు మీద కూర్చుని స్క్రూలు తిప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?"

"మీ పనే చేస్తున్నాను మామయ్యా. ఇవాళ ఒక్కసారికి చెయ్యనివ్వండి."

వద్దంటారేమో అనుకుంది. అనలేదు. అది ఆమెను ఇంకా కలవరపెట్టింది. తన తుపాకీని ఇంకొకరు విప్పుతుంటే ఊరుకునే మనిషి కాడాయన.

చెక్కసుత్తితో పిడి మీద మెల్లగా తట్టింది. పక్కమూత వదులై పైకి వచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి లోపల ఉన్న ముక్కలు చూడబోయింది. లోపల తూటాను కొట్టే సుత్తి ఉంది, ట్రిగ్గర్ ఉంది, స్ప్రింగులున్నాయి. సుత్తికీ తూటాకీ నడుమ ఏముందో చూద్దామనే ఆమె దీన్ని విప్పింది. తీరా చూస్తే అక్కడ ఏమీ లేదు, ఒక సన్నని ఖాళీ తప్ప.

అప్పుడు మూతను తిప్పి చూసింది. మూత లోపలివైపు, పాత గ్రీజు జిగురుకు అంటుకుని, ఒక సన్నని ఉక్కు బద్ద ఉంది. వేలంత పొడవు. ఒక కొస చిన్న కొక్కెంలా వంగి ఉంది. రెండో కొసలో ఏటవాలుగా ఒక పొడుగాటి కన్నం.

దాని పేరు ఆమె విని ఉంది. అడ్డబద్ద. సుత్తికీ తూటాకీ మధ్య ఎప్పుడూ అడ్డంగా నిలబడి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు మాత్రమే కిందికి జారి దారి ఇస్తుంది. రివాల్వర్ పైనుంచి పడినా, సుత్తి నేలకు కొట్టుకున్నా, ఈ బద్ద ఉన్నంతసేపు తూటాకు దెబ్బ తగలదు. పేరైతే విన్నది కానీ విడిగా ఎప్పుడూ చూడలేదు. కాదు, చూసింది. ఎన్నోసార్లు చూసింది.

ఆమె కళ్ళు నెమ్మదిగా మామగారి చేతి మీదికి పోయాయి.

ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, గ్రీజు మరకలతో, ఒక సన్నని ఉక్కు బద్ద. కొస కొక్కెంలా వంగి ఉంది. ఆ కొక్కెంతోనే గాడిలో గ్రీజు తవ్వుతున్నారు. రెండో కొసలో ఏటవాలు కన్నం. తమ్ముడి రివాల్వర్ సర్వీసింగ్ అయిపోయిన కొన్నాళ్ళకు ఈ గోకుడుపుల్ల పోయిందని ఆయన దుకాణమంతా నెత్తిన పెట్టుకున్నారు. నువ్వే ఊడ్చేశావంటూ కోడలి మీద విరుచుకుపడ్డారు. తమ్ముడి ఏజెన్సీలోనే పెద్ద గార్డు, అదే రకం తన రివాల్వర్‌ను సర్వీసింగ్‌కి తెచ్చిచ్చిన రోజులవి. ఆ గార్డును అందరూ ఉరుము అంటారు, ఎందుకంటే డ్యూటీ దిగి రాగానే బెల్టు విప్పి, రివాల్వర్‌తో సహా, ఏజెన్సీ ఆఫీసులో గార్డుల గది బల్ల మీదికి విసురుతాడు. ఆ ధనాధన్ చప్పుడు వింటేనే కింద వాచ్‌మన్ గడియారం చూసుకుంటాడు. ఆ ఉరుము తన రివాల్వర్ పట్టుకుపోయిన సాయంత్రమే గోకుడుపుల్ల మళ్ళీ ఈ బల్ల మీదే దొరికింది. మామగారు నవ్వేసి, కోడలికి టీ తెప్పించి తగువు తీర్చేశారు.

"మామయ్యా," అంది. "అది ఎక్కడిది?"

"ఏది?"

"మీ చేతిలోది."

"ఇదా? పాత రంపం బ్లేడు అరగదీసి చేసుకున్నాను."

"ఎప్పుడు చేశారు?"

"ఎప్పుడో చేశాన్లేవే. బల్ల మీదే పడుండేది..." ఆయన మాట సగంలో ఆగిపోయింది.

"చేశారా, బల్ల మీద దొరికిందా?"

"బల్ల మీద దొరికినట్టే గుర్తు," అన్నారాయన. ఆమె లేచి వెళ్ళి, తన చేతిలోని పక్కమూతను ఆయన ముందు పెట్టింది. ఆయన చూశారు. అసలు చూశారో లేదో కూడా ఆమెకు అనుమానమే. తలను కాస్త పక్కకు తిప్పి, కంటి చివరతో, మసక అద్దంలోంచి చూసేవాడిలా చూశారు. తర్వాత చూడటం మానేసి వేలితో తడిమారు. మూతకు అంటుకున్న బద్దను తడిమారు. తన చేతిలోని బద్దను తడిమారు. బొటనవేలు కొక్కెం మీదికి పోయింది, అక్కణ్ణుంచి కన్నం మీదికి దిగి అక్కడే ఉండిపోయింది.

"పెన్సిలు ఇలా ఇవ్వు," అన్నారు.

ఇచ్చింది. ఆఫీసరు రివాల్వర్‌లో బద్దను మళ్ళీ దాని చోట పెట్టించి, మూత బిగించమన్నారు. గొట్టం ఆకాశానికి ఎత్తి పట్టుకుని పెన్సిలును మొద్దు కొస కిందికి ఉండేలా, తూటా ఉండే చోటు దాకా గొట్టంలోకి జారవిడిచారు. చెక్కసుత్తి తీసుకుని రివాల్వర్ సుత్తి నెత్తి మీద ఒక్కటిచ్చారు. పెన్సిలు కదల్లేదు. ఇంకొకటి గట్టిగా ఇచ్చారు. కదల్లేదు.

"ఇప్పుడు తీసెయ్."

ఆమె మూత విప్పి, బద్ద తీసేసి, మళ్ళీ మూత బిగించింది. ఒక స్క్రూ రెండుసార్లు జారిపోయింది. కంచంలో ఏమీ మిగల్లేదు. బద్ద ఆమె గుప్పిట్లో ఉంది. కంచం ఖాళీగా, ముద్దుగా, పని అయిపోయిందన్నట్టు మెరుస్తోంది. ట్రిగ్గర్ నొక్కి చూసింది. వెన్నలా నడిచింది.

ఆయన పెన్సిలు జారవిడిచి చెక్కసుత్తితో కొట్టారు. మొదటిదాని కంటే గట్టిగా ఏమీ కొట్టలేదు. పెన్సిలు గొట్టంలోంచి ఎగిరి, బల్ల దాటి, నేల మీద పడి దొర్లింది.

ఆమె వంగి దాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

"మూతకు అంటుకుని వచ్చింది," అన్నారాయన. "కంచంలోకి రాలేదు. మూత గుడ్డతో తుడిచాను, అప్పుడు బల్ల మీద పడుంటుంది. కంచం చూసుకున్నాను. ఖాళీ. ఇంకేం చూస్తాను?" గొంతు తగ్గింది. "నా కంటికి ఆనలేదు తల్లీ. కొంతకాలంగా ఏదీ సరిగ్గా ఆనట్లేదు."

"శుక్లమా?"

"ఆపరేషన్ చేయించుకోమన్నారు. లైసెన్సు మళ్ళీ రాయించుకోవాల్సిన ఏడాది. కళ్ళు కనపడని తుపాకుల మేస్త్రికి లైసెన్సు ఎవడిస్తాడు? అయ్యాక చేయించుకుందాంలే అనుకున్నా."

ఆమెకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఏది ముందు పడాలో తెలియక నోరు మూసుకుంది. ఇంత గర్వమా ఈ మనిషికి? ఆ గర్వం కోసం ఒకడు ఆస్పత్రిలో, ఇంకొకడు లాకప్‌లో. అయినా ఆయన్ను చూస్తే తిట్టడానికి నోరు రావడం లేదు. ఈ మాట బయటపడితే దుకాణానికి తాళం పడుతుంది. భర్త తన మొహం చూస్తాడో లేదో. బయటపడకపోతే తమ్ముడి బతుకు తెల్లారినట్టే. ఎటు తిరిగినా ఒక ఇల్లు కూలేటట్టే ఉంది, రెండూ తనవే.

"ఒకటి చెప్పనా అమ్మాయ్," అన్నారు మామగారు. "ఆ రివాల్వర్‌ను పోలీసులు ఇంకా విప్పలేదు. నొక్కితే చక్కగా పేలుతుంటే విప్పాలని ఎవరికి తోస్తుంది? నేను దీన్ని ఆ మురికికాలవలో పారేస్తే..."

ఆమెకు తెలియకుండానే చెయ్యి ముందుకు పోయి, బల్ల మీదున్న గోకుడుపుల్లను లాక్కుంది. గుప్పిట బిగించి ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆయన ఆ గుప్పిట వైపు చూశారు. ఈ మాత్రం ఆయనకు బాగానే కనిపించింది.

"నా దగ్గరా దాస్తున్నావు?" అని అడిగారు.

ఆమె గుప్పిట విప్పలేదు. ఆయన మొహంలో రంగు మారింది. కిటికీ వైపు తిరిగారు. భుజాలు ఒకసారి ఎగిరి దిగాయి.

"దాచుకో. మంచిపనే చేశావు," అన్నారు అటు తిరిగే. "నాకు ఆ ఆలోచన వచ్చింది చూడు, అదే చాలు. పద, స్టేషన్‌కి పోదాం. ఆ రివాల్వర్ మూత తెరవమని నేనే చెబుతాను. లోపల ఖాళీ గాడి కనిపిస్తుంది. ముక్క ఎక్కడుందంటే, ఇదిగో, నా చేతిలోనే ఉందని చెబుతాను. మీ తమ్ముడి వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోలేదనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

"మామయ్యా, దుకాణం..."

"దుకాణం సంగతి తర్వాత. పాపం ఆ కుర్రాడికి నేనే చెప్పాను, సుత్తి కింద గది ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోరా, పాతవాళ్ళం అలాగే చేసేవాళ్ళం అని. వాడు అలాగే చేస్తే మేనేజరు చీవాట్లు పెట్టాడట, ఆరు గదులకు ఆరు తూటాలు ఉండాల్సిందేనని. వాడు నా మాట విన్నాడు. నేనే నా కళ్ళ మాట వినలేదు."

అప్పుడు పడ్డాయి ఆమె కళ్ళలోంచి నీళ్ళు. కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది. గుప్పిట విప్పి, గోకుడుపుల్లను ఆయన చొక్కా జేబులో తనే పెట్టింది. గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. తమ్ముడు ఇంటికొస్తాడు. రేపు కాకపోతే ఎల్లుండి వస్తాడు.

"ఆగు, కళ్ళద్దాలు తీసుకుంటాను," అన్నారు మామగారు. "చాలా రోజులైంది పెట్టుకుని. పనిలో పెట్టుకుంటే నలుగురూ చూస్తారని సిగ్గు. ఇంక ఎవరి దగ్గర దాచాలి?"

గోడకు తగిలించిన పాత కోటు జేబులోంచి కళ్ళద్దాల పెట్టె తీశారు. మూత విప్పి అద్దాలు పైకెత్తారు. అద్దాల కింద నుంచి ఏదో జారి బల్ల మీద టంగుమని పడింది.

సన్నని ఉక్కు బద్ద. ఒక కొస కొక్కెంలా వంగి ఉంది. కొక్కెంలో ఎండిన గ్రీజు, రెండో కొసలో అదే ఏటవాలు కన్నం.

"అరె," అన్నారాయన అద్దాలు పెట్టుకుని వంగి చూస్తూ, "ఇదిక్కడుందా! పోయిందని అప్పుడు నిన్ను అన్ని మాటలన్నాను..."

ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. జేబులోది జేబులోనే ఉంది. కోడలి ఎడమ చేతిలో ఆఫీసరుది ఉంది. బల్ల మీద ఇంకొకటి.

పోయిన గోకుడుపుల్ల, తమ్ముడి రివాల్వర్‌లోది, అసలు దొరకనే లేదన్నమాట. ఉరుము తన రివాల్వర్ పట్టుకుపోయిన సాయంత్రం బల్ల మీద కనిపించింది వేరేది, ఆ రివాల్వర్‌లోదే.

ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మామగారు కుర్చీ వెతుక్కుని కూలబడ్డారు. కోడలు గోడ గడియారం వైపు చూసింది. రెండు కావస్తోంది. రెండింటికే ఏజెన్సీలో డ్యూటీ మారేది. మేనేజరు డ్యూటీలు మారాక గానీ దొరకడట, అంతవరకు గార్డుల గదిలో కూర్చుంటానని చెప్పి వెళ్ళాడు భర్త. ఆ గదిలో ఉన్నది ఒకటే బల్ల.

ఫోను తీసింది. మొదటిసారి ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మోగుతోంది. మోగుతూనే ఉంది. "ఎత్తండీ, ఎత్తండీ," అంటూ దుకాణంలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతోంది.

"ఆఁ, చెప్పు," అన్నాడు భర్త. వెనకాల నలుగురి నవ్వులు, కుర్చీలు జరిపిన చప్పుడు. "నాన్నని ఏమీ అడగలేదుగా?"

"ఏవండీ, మీరెక్కడున్నారు?"

"ఎక్కడుంటాను, గార్డుల గదిలో, బల్ల దగ్గర. ఇదిగో ఉరుము గారు కూడా వచ్చారు, నా ఎదురుగానే ఉన్నారు. మీ తమ్ముడి గురించి తనూ ఒక మాట చెబుతానంటున్నారు. పాపం మంచి మనిషి..."

"ఆయన్ని బెల్టు విప్పొద్దనండి! వింటున్నారా? బెల్టు విప్పొద్దనండి, మీరు ముందు అక్కణ్ణుంచి లేవండి!"

"ఏంటీ? ఏం విప్పాలి? ఇక్కడ ఒకటే గోలగా ఉంది, గట్టిగా చెప్పు."

ఆమె గట్టిగానే అరిచింది. భర్తకు వినపడిందో లేదో తెలియదు. ఆమెకు మాత్రం, ఆ నవ్వుల మధ్య నుంచి, బెల్టు బకిలు ఊడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.